వక్కపొడి డబ్బాలో తీగముక్కలు

రాత్రి పదకొండున్నరప్పుడు హాల్లోంచి 'టక్'మని చప్పుడొచ్చింది. బల్లి ఏదో పడేసిందనుకుని పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే వీణ కుండ (గుండ్రటి బుర్ర) మీది పలక అంచున, అతుకు వెంబడి, జానెడు పొడవున సన్నటి గీత. వేలితో రాస్తే తెలియలేదు, గోరు పెడితే తగిలింది.

కాళ్లూ చేతులూ ఆడలేదు నాకు. ఆ వీణ నాది కాదు. మా మేనత్తది.

అత్తకి పందొమ్మిదేళ్లప్పుడు, 1964లో, తాతగారు బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి నుంచి బండి మీద తెప్పించారట. బొబ్బిలి వీణ. కుండ, దండి (వేళ్లతో తీగ నొక్కే మెట్లుండే పొడుగు భాగం) కలిపి ఒకే పనసమొద్దులోంచి తొలిచింది. ఏకాండీ అన్నా కుండ మూతలాంటి పై పలక వేరేగానే అతుకుతారు, విచ్చింది అదే. అత్త విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుంది. పెళ్లయ్యాక కూడా గంటస్తంభం దగ్గరి ఇంట్లో యాభై ఏళ్లు వాయించింది. ఇప్పుడు ఆవిడకి డెబ్భై తొమ్మిది. కుడి చెవి దాదాపు వినపడదు, ఎడమ చెవి ఆవిడకి ఇష్టమైన మాటలు మాత్రమే వింటుంది. రెండేళ్ల క్రితం నన్ను పిలిచి, "తీసుకుపోవే, ఇక్కడుంటే దుమ్ము తినడం తప్ప ఏం లేదు" అంది. తెచ్చుకున్నాను. తెచ్చుకుని చేసిన మొదటి పని, పాత తీగలు తుప్పు పట్టాయని అన్నీ పీకేసి కొత్త సెట్ వేయడం.

నేను విశాఖపట్నంలో ఒక కంపెనీ కొలతల ల్యాబ్‌లో పనిచేస్తాను. షాఫ్టులు, బుష్‌లు, బేరింగ్ సీట్లు డ్రాయింగ్‌లో చెప్పినట్టు ఉన్నాయా లేదా అని మైక్రోమీటర్ పెట్టి చూడడం నా పని. రోజంతా మైక్రాన్లు లెక్కపెట్టే మనిషిని ఇంటికొచ్చి తీగ మందం ఎంతో చూడలేదు. ప్యాకెట్ మీద 'వీణ తీగల సెట్' అని ఉంది, గేజ్ (మందం నెంబరు) లేదు. ఆన్‌లైన్‌లో దొరికింది, వేసేశాను. శ్రుతి సంగతీ అంతే. నేను వీడియోకాల్లో పాఠం చెప్పించుకునే టీచరుగారిది నాలుగున్నర శ్రుతి. (శ్రుతి అంటే షడ్జమం పెట్టుకునే ఎత్తు. అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది.) ఆవిడతో కలవాలి కాబట్టి నేనూ నాలుగున్నరకి బిగించాను.

నెల రోజులు వాయించాను. ఎడమ చేతి చూపుడువేలు, మధ్యవేలు మీద గాట్లు పడ్డాయి. కొబ్బరినూనె దూది పక్కన పెట్టుకుని, వేళ్లు అద్దుకుంటూ, అలవాటు తప్పింది కదా అని సర్దిచెప్పుకున్నాను. మధ్య మెట్ల దగ్గర తీగ బాగా ఎత్తుగా అనిపించింది. అదీ నా ఊహే అనుకున్నాను. ఒకరోజు ల్యాబ్ నుంచి స్ట్రెయిట్ ఎడ్జ్ (వంపు లేని బద్ద) తెచ్చి మెట్ల మీద ఆనించి, నడుమ ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చాను. 0.8 మిల్లీమీటర్ల సందు. కొంత వంపు ఉండడం మామూలే అని వదిలేశాను. 'టక్'మన్న మర్నాడు మళ్లీ కొలిస్తే 1.3. అంటే దండి ముందుకు వంగుతోంది. అరవై ఏళ్ల పనసచెక్క నాకు చెప్పడానికి ప్రయత్నించింది, నేను వినలేదు.

వెంటనే తీగలన్నీ వదులు చేశాను. ఒక్కసారిగా కాదు, ఒక్కో బిరడ (తీగ కొస చుట్టి తిప్పే మేకు) అర చుట్టు చొప్పున, ఏడూ వంతులవారీగా. ఆ తర్వాత సారణి తీగ కొస కత్తిరించి ల్యాబ్‌కి తీసుకెళ్లాను. మైక్రోమీటర్ 0.376 చూపించింది. మన కొట్లలో వాడే గేజ్ లెక్కలో అది 28 నెంబరు. (నెంబరు పెరిగేకొద్దీ తీగ సన్నం.) పంచమం 0.457, అంటే 26.

వీణ తెలియనివాళ్ల కోసం ఇక్కడ నాలుగు ముక్కలు. వీణకి ఏడు తీగలు. మెట్ల మీదుగా పోయేవి నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. సారణి మధ్యస్థాయి షడ్జమం, దాని కింద పంచమం, ఆ కింద మంద్ర షడ్జమం, అన్నిటికీ కింద అనుమంద్ర పంచమం. పక్కన తాళానికి మూడు: పక్క సారణి, పక్క పంచమం, హెచ్చు సారణి. ఈ ప-స-ప-స అమరిక చాలా పాతది. 1550లో సంగీత శాస్త్రకారుడు రామామాత్యుడు వివరించిన మధ్యమేళ వీణలో ఉన్నదిదే. ఆయన విజయనగర రామరాయల కాలం వాడు. (హంపీ విజయనగరం. మా విజయనగరం కాదు, మావాళ్లు ఊరికే సంబరపడిపోతారు.) 24 మెట్లూ కదలకుండా మైనంలో పాతిన ఇప్పటి రూపం 17వ శతాబ్దం మొదట్లో, తంజావూరులో రఘునాథ నాయకుడి కాలంలో కుదిరిందని చెబుతారు.

దాదాపు అదే కాలంలో ఫ్రాన్సులో మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి తీగల లెక్క కట్టాడు. 1636లో అచ్చయింది. తీగ పొడవు, బరువు, బిగువు, ఈ మూడూ తెలిస్తే స్వరం తెలిసిపోతుంది. లేదా స్వరం, పొడవు, బరువు తెలిస్తే బిగువు తెలుస్తుంది. నాకు కావలసింది ఈ రెండోది. అత్త వీణకి మేరువు (దండి పై కొసన తీగలు ఆనే చోటు) నుంచి గుర్రం (కుండ మీద తీగలు ఆనే చోటు) దాకా 82 సెంటీమీటర్లు. నాలుగున్నర శ్రుతి షడ్జమం 185 హెర్ట్జ్. ఉక్కు సాంద్రత అందరికీ తెలిసిందే. క్యాంటీన్ టిష్యూ మీద లెక్క వేస్తే ఒక్క సారణి మీదే 8.2 కిలోల బిగువు వచ్చింది. పంచమం 6.8. ఏడు తీగలూ కలిపితే ఎంతవుతుందో ఆలోచిస్తూ నా టీ చల్లారబెట్టుకున్నాను.

మరి ఎంత ఉండాలి? వీణకి డ్రాయింగ్ ఉండదు కదా, టాలరెన్స్ ఇంత అని రాసిపెట్టడానికి.

ఆదివారం విజయనగరం వెళ్లాను. అత్తకి పలక విచ్చిందని చెప్పడానికి గంట పట్టింది. అందులో ముప్పావు గంట నా ధైర్యం కూడదీసుకోవడానికి, పావు గంట ఆవిడకి వినపడేలా అరవడానికి. పక్కింటివాళ్లకి కూడా తెలిసిపోయింది. అత్త కోప్పడలేదు. "ఏం తీగలు వేశావ్?" అంది. సెట్ కొన్నానంటే, "సెట్టేమిటే, గిన్నెల సెట్టా?" అని లేచి వెళ్లి, దేవుడి గూట్లోంచి వక్కపొడి డబ్బా ఒకటి తెచ్చింది. రేకు డబ్బా, మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. స్పూనుతో ఎత్తితే లోపల కాగితాల్లో చుట్టిన తీగముక్కలు, విరిగిన లంగరు (తీగ మీద జరుపుతూ శ్రుతి సరిచేసేది) ఒకటి, రెండు సుద్దముక్కలు. తీగ తెగినప్పుడల్లా మిగిలిన ముక్క దాచేదట. మళ్లీ కొనేటప్పుడు కొట్లో చూపించడానికి.

ముక్కలు నాలుగు రకాలున్నాయి. రెండు ఉక్కు, రెండు ఇత్తడి. బ్యాగులోంచి మైక్రోమీటర్ తీస్తే అత్త దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇదేమిటి, చెవికి పెట్టుకునేదా?" అంది.

సన్న ఉక్కు 0.315, అంటే 30 గేజ్. లావు ఉక్కు 0.376, అంటే 28. సన్న ఇత్తడి 0.56, అది 24. లావు ఇత్తడి 0.71, అది 22. తుప్పూ చిలుమూ పోయేదాకా కాగితంతో తుడిచి, ఒక్కోదాన్ని మూడు చోట్ల కొలిచాను. నేను సారణిగా వేసిన 28 అత్త వీణలో పంచమం. అంటే నేను వేసిందంతా ఒక మెట్టు పైకి జరిగిపోయిన సెట్.

డబ్బాలో ఉన్నంత మాత్రాన అవే సరైనవని నమ్మడానికి లేదు. కొట్టువాడి దగ్గర ఏది ఉంటే అది ఇచ్చి ఉండొచ్చు కదా. అందుకని ఇంటికొచ్చాక మేరువు చూశాను. తీగ కూర్చునే గాళ్లు అక్కడుంటాయి. దుకాణంలో కొన్న తీగకి బిల్లు పోతుంది గానీ గాడి పోదు. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి గాడికీ అడుగున ఒక పాత, నున్నటి గుండ్రం, దాని అంచుల మీద నా కొత్త తీగ కోసిన పచ్చి గీతలు. డబ్బాలోని సన్న ఉక్కు ముక్క సారణి గాడిలో పెడితే అడుగంటా దిగి కూర్చుంది. నా తీగ అడుగు అందక పైనే, రెండంచుల మీద ఆనింది. గుర్రం మీది కంచు రేకూ అదే చెప్పింది. దశాబ్దాలుగా తీగ ఒరిసి మెరిసిన సన్నటి దారి ఒకటి ఉంది. నా తీగ ఆ దారికి వెడల్పెక్కువ.

ఇక పలక అతికించాలి. అది నా వల్ల అయ్యే పని కాదు. వీణని దుప్పట్లో చుట్టి, కారు వెనక సీట్లో బెల్టు పెట్టి పడుకోబెట్టి, గొల్లపల్లి తీసుకెళ్లాను. అక్కడ ఇంటింటా ఉలి చప్పుడే. వీణలు చేసే పెద్దాయన ఒకాయన వసారాలో కూర్చుని మెట్ల మైనం కలుపుతున్నారు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిసిన ఆ వాసన ఒకసారి పీలిస్తే మరిచిపోలేం. వీణని తిప్పి చూసి, విచ్చిన చోట బొటనవేలు పెట్టి నొక్కి, "ఇది పెద్ద పనేం కాదమ్మా, సర్దేస్తాం" అన్నారు. నేను మందాలు, కిలోలు, డబ్బా కథ అంతా చెప్పుకొచ్చాను. ఓపిగ్గా విన్నారు. విని, "తీగల సంగతి అలా ఉంచండి. ఏ శ్రుతి కడతారు?" అని అడిగారు.

నాలుగున్నర అన్నాను.

"మీ అత్తగారు ఎంత కట్టేవారు?"

నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా తట్టలేదు. అక్కడి నుంచే అత్తకి ఫోన్ చేసి, ఆయన ముందు, వీధంతా వినేలా అరిచాను: "అత్తా! నువ్వు ఎంత శ్రుతికి కట్టేదానివి?" మూడుసార్లు అరిచాక సమాధానం వచ్చింది. "మూడు. మా మేష్టారు నాలుగు దాటనిచ్చేవారు కాదు. దండి ఏడుస్తుంది అనేవారు."

ఆయన తలూపి మళ్లీ మైనం కలపడంలో పడ్డారు.

నేను లెక్క తలకిందులుగా వేస్తున్నానని అప్పుడు అర్థమైంది. తీగ ఎంచుకుని శ్రుతి బిగించాను. ముందు శ్రుతి అనుకోవాలి, ఆ శ్రుతిలో ఈ చెక్క మోయగల బిగువు ఎంతో చూడాలి, ఆ బిగువు ఇచ్చే మందం అప్పుడు దానంతటదే వస్తుంది. మూడు శ్రుతి అంటే 165 హెర్ట్జ్. 30 గేజ్ సారణి మీద పడేది 4.6 కిలోలు. 28 పంచమం 3.7. 24 ఇత్తడి మంద్రం 3.9. 22 ఇత్తడి అనుమంద్రం 3.5. చూడండి ఎంత సమంగా ఉన్నాయో! సారణి కాస్త ఎక్కువ, మిగతా మూడూ పక్కపక్కనే. ఆ కాలంలో ఎవరూ టిష్యూ మీద లెక్క వేయలేదు. చేత్తో నొక్కి, చెవితో విని తేల్చుకున్నారు. నేను చేసిన ఘనకార్యం రెండు రకాలుగా బరువు పెంచింది. మూడు నుంచి నాలుగున్నరకి వెళ్లడం వీణ మీద రెండు మెట్లే కదా అనిపిస్తుంది, బిగువు మాత్రం పావు వంతు పెరుగుతుంది. మందం ఐదో వంతు పెరిగితే బిగువు నలభై శాతం పెరుగుతుంది. రెండూ కలిసి 4.6 కాస్తా 8.2 అయింది.

ఇక్కడ నాకు చాలామంది చెప్పిన ఒక సలహా గురించి మాట్లాడాలి. "తీగ తెగుతోందా? అయితే ఒక నెంబరు లావుది వెయ్యండి." వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. తప్పు. ఒకే పొడవులో ఒకే స్వరానికి బిగిస్తే, లావు తీగకి బలం ఎంత ఎక్కువో దాని మీద పడే బిగువు కూడా సరిగ్గా అంతే ఎక్కువ. సన్నది తెగే శ్రుతిలోనే లావుదీ తెగుతుంది. తీగ తెగడాన్ని నిర్ణయించేది లోహం, పొడవు, శ్రుతి. మందం కాదు. నమ్మకం కుదరక ఒక పాత చెక్కకి రెండు మేకులు కొట్టి, 82 సెంటీమీటర్ల దూరంలో ఇత్తడి తీగ కట్టి, సారణి శ్రుతి దాకా లాగి చూశాను. సన్నది, లావుది, రెండూ ఆ దరిదాపుల్లోనే తెగిపోయాయి. సారణికి ఇత్తడి ఎందుకు పనికిరాదో అలా తెలిసింది. అదే ఇత్తడి మంద్రంలో, ఒక స్థాయి కిందికి, నాలుగో వంతు శ్రమతో హాయిగా కూర్చుంటుంది.

ఉక్కుకైతే వీణలో తెగే భయమే లేదు. 30 గేజ్ మంచి మ్యూజిక్ వైరు ఇరవై కిలోల దాకా ఆగుతుంది, మనం అడిగేది అయిదు. అయినా ఇళ్లలో తెగుతూనే ఉంటుంది. ఎక్కడ తెగిందో చూస్తే కారణం దొరుకుతుంది. లంగరు దగ్గరి మెలికలో తెగితే కట్టడం తప్పు. బిరడ రంధ్రం దగ్గర తెగితే అక్కడ తీగ మరీ కొక్కెంలా వంగింది. మేరువు దగ్గర తెగితే గాడి అంచు పదునుగా ఉంది. ఏదో ఒక మెట్టు మీద తెగితే ఆ మెట్టు మీద గాటు పడింది. మధ్యలో ఎక్కడపడితే అక్కడ తెగితే తుప్పు. మా ఇంటి నుంచి సముద్రం రెండు కిలోమీటర్లు, నాకు ఎక్కువ ఈ చివరిదే. వాయించాక పొడిబట్టతో ఒక్కసారి తుడిస్తే చాలు. వేళ్ల కొబ్బరినూనె కూడా కొంత కాపాడుతుంది. తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ తీగ వేసి చూశాను. పట్టలేదు నిజమే, నాదంలో ఆ మెరుపూ లేదు. తీసేశాను.

పాత ఐరోపా ల్యూట్ వాళ్లది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. వాళ్లవి గొర్రె పేగుతో చేసిన తీగలు. పై తీగని అది ఓర్చుకోగలిగినంత ఎత్తుకు బిగించు, మిగతావి దాన్ని బట్టి కట్టుకో అని నేర్పేవారు. ఆ వాద్యానికి అది చెల్లుతుంది. మనకి చెల్లదు, ఎందుకంటే మనం తీగని మీటి వదిలేయం, పక్కకి లాగుతాం. ఒక మెట్టు మీదే ఉండి నాలుగు మెట్ల పై స్వరం పలికించాలంటే బిగువు అరవై శాతం పెరగాలి. 4.6 కిలోల సారణి ఆ క్షణంలో ఏడు దాటుతుంది. నా 8.2 కిలోల సారణి పదమూడు. నా వేళ్ల గాట్లకి కారణం అలవాటు తప్పడం కాదన్నమాట.

ఇందులో ఒక తమాషా ఉంది. ఒకే శ్రుతిలో సన్న తీగైనా, లావు తీగైనా ఒక గమకానికి (స్వరాన్ని ఊపి పలికించడానికి) లాగాల్సిన దూరం ఒకటే. మారేది బలం మాత్రమే. దూరాన్ని మార్చేది శ్రుతి. శ్రుతి దించితే కొంచెం లాగినా స్వరం ఎక్కువ ఎక్కుతుంది, పెంచితే ఎంత లాగినా ఎక్కదు. మూడుకి దించాక మొదటి వారం తోడి రాగంలో నా గాంధారం ఎక్కడెక్కడికో పోయింది. నాలుగున్నర బిగువుకి అలవాటుపడిన చెయ్యి ఎక్కువ లాగేస్తోంది. చెయ్యి మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. తీగలు మారిస్తే చేతికి ఒక వారం సెలవు రాయాలి.

మంద్రం, అనుమంద్రాల దగ్గర ఇంకో తగువు ఉంది. ఇప్పటి సెట్లలో అవి చుట్టుతీగలు, అంటే ఉక్కు నరం మీద సన్నటి తీగ చుట్టినవి. మోత ఎక్కువ, చాలాసేపు గింగురుమంటాయి. కాంటాక్ట్ మైకు పెట్టి వాయించేవాళ్లకి అవి బాగా పనికొస్తాయి, కాదనను. కానీ వేలు జారినప్పుడల్లా కీచుమంటాయి. అదీగాక వాటిని లాగితే సాగేది లోపలి నరం ఒక్కటే, చుట్టు ఊరికే బరువు. అందుకని గమకం తీరు సాదా ఇత్తడితో పోలిస్తే వేరేగా ఉంటుంది. అత్తకి చుట్టుతీగ వినిపించి ఎలా ఉందంటే, "అద్దాల మేడలో అరిచినట్టుంది" అంది. ఆవిడ చెవుల సంగతి చెప్పాను కదా. విన్నది చెవితో కాదు. కుండ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని.

సాదా ఇత్తడి కోసం చాలా తిరిగాను. గిటార్ల కొట్లో ఫాస్ఫర్ బ్రాంజ్ విడి తీగ ఒకటి దొరికింది గానీ అది కూడా చుట్టుతీగే. సరే ఉక్కు విడి తీగలైనా తీసుకుందామని సారణికి 0.012 అంగుళాలది పట్టుకొచ్చాను. మందం సరిపోయింది, పొడవు చాల్లేదు. గుర్రం వెనక లంగరు, నాగపాశం (తీగల అడుగు కొసలు కట్టే చోటు) దాకా పోను, బిరడకి చేరేసరికి ఒక్క చుట్టుకి కూడా మిగల్లేదు. చివరికి గొల్లపల్లి పెద్దాయనే ఇత్తడి చుట్ట ఒకటి ఇచ్చారు. "ఎంతండీ?" అంటే పలక పనికి మాత్రం డబ్బు తీసుకున్నారు, తీగకి చెయ్యి అడ్డంగా ఊపారు. కొలిస్తే 0.71. నాకు నవ్వొచ్చింది. మంద్రానికి 24 కూడా ఆయన దగ్గరే దొరికింది.

తీగ కట్టడం గురించి నాకు తెలిసిన కాస్తా రాస్తాను. ఉక్కు తీగ కొసని ఉచ్చులా వంచి, చిన్న కొక్కెం మేకు దూర్చి తిప్పుతాం. మొదటి ఆరేడు చుట్లు రెండు పోగులూ ఒకదాన్నొకటి సమంగా పెనవేసుకోవాలి, జడలాగా. ఒక పోగు నిటారుగా ఉండి రెండోది దాని చుట్టూ తిరిగితే బిగించగానే జారుతుంది. చివర నాలుగు చుట్లు మాత్రం పక్కపక్కనే, దగ్గరగా. ఇత్తడి మెత్తన, త్వరగా వస్తుంది. కానీ చుట్ట విప్పేటప్పుడు ఒక్క మెలి పడిందా, ఎంత సాపు చేసినా అక్కడ నాదం మొద్దుబారుతుంది, కొన్నాళ్లకి అక్కడే తెగుతుంది. అందుకే చుట్టని బల్ల మీద పెట్టి లాగకూడదు, దారపు ఉండలా దొర్లిస్తూ విప్పాలి. నేను మొదటి ముక్క అలా లాగే పాడుచేశాను. బిరడలు జారితే సుద్దముక్క రాయండి, నూనె జోలికి పోకండి. డబ్బాలో సుద్దముక్కలు ఎందుకున్నాయో నాకు ఆ రోజే తెలిసింది.

పక్క తీగలు మూడింటికీ సన్న ఉక్కు, 31, 32. వాటి దగ్గర పెద్ద రామాయణం లేదు.

పలక అతికి, గుర్రం రేకు కాస్త సాపు చేసి ఇచ్చేసరికి మూడు వారాలైంది. తీగలు వేసి, మొదటి రోజు ఒకటి శ్రుతికి, రెండు రోజులాగి రెండుకి, వారానికి మూడుకి తెచ్చాను. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూస్తే సందు 1.3 నుంచి 1.0కి వచ్చింది. పాత 0.8కి ఎప్పుడైనా వస్తుందో, ఇంతేనో. నెలకోసారి కొలిచి వంటింటి క్యాలెండర్ మీద రాస్తున్నాను, గ్యాస్ బండ తారీకు పక్కన. టీచరుగారికి విషయం చెప్పి, పాఠం వినేటప్పుడు ఆవిడ శ్రుతి, వాయించేటప్పుడు నా శ్రుతి అని ఒప్పించుకున్నాను.

నాదం తగ్గింది. అది దాచను. ముందు పక్కగదిలోకి ఖంగుమని వినపడేది, ఇప్పుడు ఫ్యాన్ ఆపుకోవాలి. ఆపుకుంటే మాత్రం, అనుమంద్రం మీటి వదిలాక దాని తోక ఎక్కడిదాకా పోతుందో వినపడుతుంది. ఒకప్పటి మద్రాసు విద్వాంసురాలు వీణ ధనమ్మాళ్ మీటుగోళ్లు లేకుండా ఉత్త వేళ్లతో వాయించేవారని, ఆ మెల్లటి వీణ వినడానికే శుక్రవారాలు జనం వాళ్లింటికి వెళ్లి నిశ్శబ్దంగా కూర్చునేవారని అంటారు. మా ఇంట్లో జనం అంటే మా ఆయన. ఆయన ఫ్యాన్ ఆపితే ఒప్పుకోరు.

కొత్త ఇత్తడి పదిహేను రోజుల దాకా సాగుతూనే ఉంటుంది, పొద్దున్న కట్టింది సాయంత్రానికి దిగిపోతుంది. నిన్న అలా శ్రుతి చేస్తుంటే అత్త ఫోన్ చేసింది. వాయిస్తున్నానంటే వినిపించమంది.

"నీకు వినపడదు కదా అత్తా."

"స్పీకర్ పెట్టి, ఫోను కుండ మీద పెట్టు. నేనిక్కడ చేత్తో పట్టుకుంటాను."

పెట్టాను. ఫోన్ జారిపోకుండా కింద రుమాలు వేశాను. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం వరసగా మీటాను. అవతల చాలాసేపు మాట లేదు. లైన్ కట్టయిందేమో అని చూస్తే సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.

"రుమాలు తియ్యి," అంది. తీసి మళ్లీ మీటాను.

"అనుమంద్రం కాస్త దిగింది. బిరడ తిప్పకు, లంగరు జరుపు. వెంట్రుకవాసి."

ఫోన్‌లో శ్రుతి చూసే యాప్ తెరిచాను. దిగే ఉంది.